రంజన్ గొంతు పోయిన ఎండాకాలం

రాస్తున్నవా సిరీ? మొదలు ఇది రాయి. మీ నానమ్మకు దయ్యాలంటే నమ్మకం లేదు. చిక్కడపల్లిల పుట్టిన, అశోక్‌నగర్‌ల కాపురం చేసిన. ఎవరింట్లనన్న గజ్జెల చప్పుడు అయితుందంటే, పిల్లి అయ్యుంటది పోండ్రి అని నవ్వేదాన్ని. ఇప్పటికీ అంతే. మన వంటింట్ల నీళ్ల కుండ, ఈ రంజన్ ముచ్చట ఒక్కటి తప్ప.

చదివేటోళ్లకు మీ అమ్మ సంగతి తెల్వదు కదా, అది గూడ రాయి. మీ అమ్మ, అంటే నా కోడలు, ఇంజనీరు. కొండల కింది నుంచి నీళ్లు తెచ్చే టన్నెళ్లు ఉంటయి కదా, వాటి లోపల కాంక్రీటు గోడ ఎట్లున్నదో చూసుడు ఆమె పని. చిన్న సుత్తితోని కొట్టుకుంట పోతది, చప్పుడును బట్టి చెప్తది.

నేను చేసేది గదే! నారాయణగూడ రోడ్డు మీద రంజన్ కొన్ననాడు దుకాణమాయన "ఏందమ్మా, అన్నిటిని కొట్టి చూస్తున్నవ్, పెండ్లిచూపులా?" అన్నడు. వేలు మడిచి కొడితే ఖంగుమనాలె మరి. ఇంట్ల గూడ నీళ్లు నింపినప్పుడల్ల ఒకసారి కొడ్త, అలవాటు.

పగుళ్లొస్తే టన్నెల్ కూలదా అని మీ అమ్మను అడిగిన. నా చేతి గాజు పట్టుకొని చెప్పింది. గాజు లెక్క చుట్టూ తిరిగే సన్న పగుళ్లు మామూలేనంట, కాంక్రీటు ఆరితే వస్తయి. టన్నెల్ నడినెత్తి మీద పొడుగునా పోయే పగులుతోనే పరేషాన్. అక్కడ గోడ తలుపు బందు లెక్క మడతపడ చూస్తది. అయినా వెనక కొండ ఆనుకొని ఉంటే నిలబడ్తదంట. వెనక ఖాళీ అయిందా, ఇగ భయమే.

పోయిన ఎండాకాలం ఒక టన్నెల్‌ల గట్లాంటి పగులే కనబడ్డది. కొట్టి చూస్తే గట్టిగనే మోగిందని మీ అమ్మ రాత్రి ఫోన్‌ల చెప్పింది. తెల్లారి పాలమూరు కూలీలు దాని కిందికి పోయి పగులు పూడ్చాలె.

ఆ పొద్దుగాల నేను రంజన్ నింపి కొట్టిన. ఖంగుమనలే. సర్ది అయినట్టు బొంగురు. చుట్టూ తడిమిన, కారుతలేదు, గీత గూడ లేదు. నా మనసు ఆగలే. ఫోన్ చేసిన.

"అత్తమ్మా, రంజన్ పోతే కొత్తది కొందాం. ఇక్కడ మనుషులు లోపలికి పోనీకి నిలబడ్డరు" అన్నది మీ అమ్మ.

"వాళ్లను జర ఆగుమను. నువ్వు ఇంకొక్కసారి కొట్టి చూడు."

"కుండ చెప్పిందని పని ఆపితే నవ్వుతరు అత్తమ్మా!"

"నవ్వనీ. పండ్లే కదా కనబడేది."

నవ్వుకుంటనే పోయి పొడుగు కర్రకు సుత్తి కట్టి కొట్టిందంట. నిన్న గట్టిగ మోగిన జాగ డప్పు లెక్క మోగింది. వెనక ఏదో జారి ఖాళీ అయింది. ఒక్కర్ని గూడ కిందికి పోనియ్యలే. బువ్వ తినే యాళ్లకు ఇంత పెద్ద పెచ్చు ఊడి పడ్డది. కింద ఎవ్వరు లేరు.

తర్వాత ఇవతలి నుంచి ఇనుప కమాన్లు నిలబెట్టుకుంట పోయిన్రు. వెనక ఖాళీల సిమెంటు పాలు నింపుడు మొదలువెట్టిన్రు.

ఇంతవరకైతే ఏదో మనసుకు తట్టిందిలే అనుకుందును. కానీ అన్ని దినాలు రంజన్ బొంగురుగనే ఉన్నది. ఒకనాడు మధ్యాహ్నం చెంబు ముంచుకుంట ఊకనే కొడితే, ఖంగు! ఉలిక్కిపడి చెంబు జారవిడిచిన. కాళ్ల మీద నీళ్లు. సాయంత్రం మీ అమ్మ ఫోన్ చేసింది: "అత్తమ్మా, ఇయ్యాల మధ్యాహ్నం నింపుడు అయిపోయింది. కొట్టి చూసిన, గట్టిగ మోగుతుంది."

గొంతు పోయిన కుండకు మళ్ల గొంతొచ్చుడు ఎక్కడన్న ఉన్నదా? మీ అమ్మ మట్టి అన్నది, తడి అన్నది, ఎండ అన్నది. నాకైతే తెల్వదు ఏందో. దయ్యమైతే కాదు, అది మాత్రం పెద్ద అక్షరాలల్ల రాయి.

ఇంకొకటి రాయి, మీ అమ్మకు చూపియ్యకు. డ్యూటీకి పోయే పొద్దు బ్యాగు భుజానేసుకొని వంటింట్లకు వస్తది. నేను చూస్తలేననుకొని రంజన్‌ను వేలుతోని ఒక్కటి కొడ్తది. ఖంగుమన్నంకనే చెప్పులేసుకుంటది.