రేగొండ దగ్గర చింతగింజ ఆట

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మే అవకాశమే లేదు. మా నెల్లికుదురు చుట్టుపక్కల తిరుగుతున్నాయని జనం చెప్పుకునే దయ్యాల్లో సగం నేను పుట్టించినవే. రైస్ మిల్లు వెనక తెల్లచీర దయ్యాన్ని ఇంటర్ చదివే రోజుల్లో అల్లాను. ఇప్పటికీ ఆ దారిన పొద్దుగూకాక పోయేవాళ్లు పాట ఎత్తుకుంటారు. నా చేత్తో నేను అల్లినదాన్ని చూసి నేనెలా భయపడతాను?

అందుకే ఇది చదివి మీరు నవ్వినా నేనేమీ అనుకోను. జనగామలో నాతో చాయ్ తాగే దోస్తులు ఇప్పటికే నవ్వేశారు. ఒకడైతే, "అన్నా, నువ్వు చెప్పినయన్నిట్ల గిది చప్పటి కత. దయ్యం కనవడది, ఎవ్వడు సావడు" అన్నాడు. నిజం కాబట్టే చప్పగా ఉందని వాడికి ఎలా నచ్చజెప్పాలి?

ముందు నా ఉద్యోగం సంగతి. నలభై దాటాక డాక్టరేట్ పట్టా పుచ్చుకుని, ఇప్పుడు హైదరాబాద్‌లో పోస్ట్ డాక్టరల్ పరిశోధన చేస్తున్నాను. ఎదుటివాడి మనసులో ఏముందో మనిషి ఎలా ఊహిస్తాడు, మనసుకు జబ్బు చేసినప్పుడు ఆ ఊహ ఎక్కడ దారి తప్పుతుంది, ఇదంతా కంప్యూటర్ లెక్కల్లోకి దించడం మా పని. నాలాంటి వాడికి ఇంతకన్నా తగిన చదువు లేదు. ఎదుటివాడు ఎంతవరకు నమ్ముతాడో కొలుచుకోవడమే కదా నేను చిన్నప్పటి నుంచి చేస్తున్నది.

దీనికోసం ట్యాబ్‌లో ఒక ఆట తయారుచేశాం. మన ఇళ్లలో ఆడేదే. చింతగింజను ఒక పిడికిట్లో దాచి, రెండు పిడికిళ్లూ చాపి, ఏ చేతిలో ఉందో చెప్పమంటాం. ఇక్కడ చెప్పాల్సింది మిషన్. తెర మీద పచ్చ గీత ఉంటే అది మీ ఆటను గమనించి నేర్చుకుంటూ ఆడుతున్నట్టు. నీలి గీత ఉంటే బొమ్మా బొరుసా వేసినట్టు, గుడ్డిగా ఏదో ఒక చెయ్యి చెబుతున్నట్టు.

భూపాలపల్లి జిల్లాలో, రేగొండకు దగ్గరి ఒక ఊళ్లో కొమురమ్మ అనే ఆవిడ ఉంది. నాకన్నా పదేళ్లు పెద్దది. భర్త మొగిలి గుండెపోటుతో పోయాక ఆమెకు అందరి మీదా అనుమానం పట్టుకుంది. మొగిలికి ఎవరో అన్నంలో ఏదో కలిపారని, తర్వాతి వంతు తనదేనని నమ్మింది. ముందు ఇరుగుపొరుగు పెట్టింది మానేసింది. తర్వాత కన్నకూతురు రజిత వండింది మానేసింది. చివరికి తాను కొన్న బియ్యం మీద కూడా నమ్మకం పోయింది. దవాఖానలో డాక్టరమ్మ మందు రాసిచ్చింది గానీ, అన్నిటికన్నా ఆ మందు మీదే అనుమానం ఎక్కువ.

నేను వెళ్లేనాటికి మనిషి పుల్లలా ఉంది. ఇంకా తినకపోతే దవాఖానలో చేర్చుకుని సెలైన్ ఎక్కించక తప్పదని డాక్టరమ్మ చెప్పేసింది. బలవంతంగా తీసుకుపోతే అమ్మ ఇక తనను జన్మలో నమ్మదని రజిత భయం.

మా పరిశోధనకు సాయపడే ఆ డాక్టరమ్మ చెబితేనే, తల్లీకూతుళ్లు సరేనన్నాకే ఈ ఆటతో వెళ్లాను. ఎండ మండుతున్న మధ్యాహ్నం. కొమురమ్మ ట్యాబ్‌ను ముట్టుకోలేదు.

"గిదాంట్ల ఏం పెట్టి తెచ్చినవ్ సారు? ఏలు పెడితె నా మతి గుంజుకపోతదా?"

"నా మతినే గుంజలేదక్కా. గుంజేంత లేదని ఇడిసిపెట్టింది."

నవ్వలేదు గానీ, లేచి వెళ్లి చింతపండు డబ్బాలోంచి ఒక గింజ తెచ్చుకుంది. ఆడితే నిజం గింజతోనే ఆడతానంది. తను కొంగు చాటున దాచి పిడికిళ్లు చాపుతుంది. నేను బటన్ నొక్కితే తెర మీది వేలు ఎడమకో కుడికో చూపుతుంది. గింజ ఎక్కడ దాచారో తెర మీద నొక్కితే తప్ప మిషన్ నేర్చుకోలేదు కాబట్టి నీలి గీత పెట్టాను. ఆమె అనుమానం తీరడానికి కెమెరా మీద ప్లాస్టర్ కూడా అంటించాను. అంటే గింజ ఎక్కడుందో మిషన్‌కు తెలిసే దారే లేదు. నాకూ తెలియదు.

మిషన్ ఓడింది. మళ్లీ ఓడింది. ఎడమ చూపిస్తే గింజ కుడిలో, కుడి చూపిస్తే ఎడమలో. గుడ్డి ఆటలో వరుసగా కొన్ని ఓడటం మామూలే. ఇది ఆగలేదు. మోసం చేయడంలో నాకు చాలా అనుభవం ఉంది కాబట్టి ఆమె చేతుల మీదే కన్నేసి ఉంచాను. ఏ మోసమూ లేదు. గడప దగ్గర బియ్యం ఏరుతున్న రజిత చేతులు ఆగిపోయాయి.

కొమురమ్మ మెల్లగా ట్యాబ్ వైపు వంగి, దానితోనే మాట్లాడింది.

"ఓడింది సాలు తియ్. జర గెలువు."

ఆ తర్వాతి ఆట మిషన్ గెలిచింది.

"సూసినవా బిడ్డా," అంది రజితతో. "మీ నాయిన గిట్లనే ఆడేటోడు. తెలిసి తెలిసి ఓడేటోడు. నేను కోపానికొస్తె ఒక్కటి గెలిచేటోడు."

తెర చూశాను. నీలి గీతే ఉంది.

ఆమె ఇంకోసారి కొంగు చాటుకు చేతులు తీసుకుపోయి పిడికిళ్లు చాపింది. బటన్ నొక్కాను. వేలు ఎడమకు కదిలింది, కుడికి కదిలింది, నడుమకు వచ్చి నిలబడిపోయింది. ఆ ఆటను తయారుచేసినవాళ్లలో నేనూ ఒకణ్ని. అందులో నడుమ అనేదే లేదు. ఏదో ఒక చెయ్యి చూపి తీరాలి. మళ్లీ నొక్కాను. వేలు కదలలేదు.

కొమురమ్మ పిడికిళ్లు విప్పింది. రెండూ ఖాళీ. నడుము దగ్గర చీర మడతలోంచి గింజ తీసి చూపించింది.

"గీ దొంగాట ఆయనకొక్కనికే ఎరుక."

ఏడుస్తుందనుకున్నాను. పగలబడి నవ్వింది. నవ్వీ నవ్వీ దగ్గు వచ్చి, కళ్లు తుడుచుకుని, "రజితా, ఏం వండినవే? ఆకలైతంది" అంది.

రజిత పప్పుచారు పోసి పెట్టింది. కొమురమ్మ నాలుగు ముద్దలు తిని, ఎప్పటిలాగే ఉప్పు తక్కువేసినవని తిట్టింది. ఆ తిట్టుకు రజిత గోడ వైపు తిరిగి ఏడ్చేసింది. అన్నం తిన్నాక మందు గోళీ కూడా కూతురి చేతిలోంచే తీసుకుంది.

హైదరాబాద్‌లో నాతో పనిచేసే అమ్మాయి ట్యాబ్‌ను అటూ ఇటూ తిప్పి చూసింది. హ్యాంగ్ అయి ఉంటుందంది. మరి ఓడిన ఆటలన్నీ ఏమిటంటే, గింజ ఎక్కడుందో ఇందులో రాసి లేదు, అది మీరు చెప్పే మాటే కదా సార్ అని నవ్వింది. ఆమె ముందు ఎన్నిసార్లు ఆడినా మిషన్ కొన్ని గెలిచింది, కొన్ని ఓడింది. ఎలా ఉండాలో అలాగే ఉంది. నేను తర్వాతిసారి వెళ్లినప్పుడు కొమురమ్మ కూడా కాసేపు ఆడి పక్కన పెట్టేసింది.

"ఇయ్యాల ఆయన లేడు తమ్మీ. గిది ఉత్త డబ్బ," అంది. ఆ మాటలో దిగులు లేదు.

ఆమెకు నయమైంది మందుతోనే, డాక్టరమ్మ ఓపికతోనే. అందులో నాకు రెండో మాట లేదు. కానీ మందు లోపలికి పోవాలంటే ముందు ఒక ముద్దను నమ్మాలి కదా.

మొన్న మహబూబాబాద్‌లో వాళ్ల చుట్టాల పెళ్లికి నన్నూ పిలిచారు. బంతిలో అందరితో పాటు కొమురమ్మ కూర్చుంది. ఒళ్లు చేసింది, మొహం నిండింది. ముక్కూ మొహం తెలియని పిల్లలు బకెట్లతో వడ్డిస్తుంటే, "ఇంకింత బగారన్నం ఎయ్యి బిడ్డా. కూరల ముక్కలు అడుగున్నయ్, కలిపి పొయ్యి" అంటోంది. నేను నా విస్తరి మరిచిపోయి చూస్తూ కూర్చున్నాను. ఒక మనిషి తినడం చూసి నేనంత గర్వపడింది ఎప్పుడూ లేదు.

చెయ్యి కడుక్కొచ్చి నా ముందు నిలబడి రెండు పిడికిళ్లు చాపింది.

"చెప్పు తమ్మీ."

నేనేం తక్కువవాణ్నా. "రెండిట్ల లేదక్కా," అన్నాను దర్జాగా.

కుడి పిడికిలి విప్పింది. అరచేతిలో చింతగింజ నున్నగా మెరుస్తోంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లంతా నవ్వారు. అందరికన్నా గట్టిగా కొమురమ్మ.

నేనైతే నిజంగానే ఓడిపోయాను. ఆ మధ్యాహ్నం రేగొండ దగ్గర తెలిసి ఓడింది ఎవరో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.