మూత లోపలి పాల కవరు

“పంపు పోయిందని మెకానిక్ చెప్పిండు కదనే అమ్మా! రేపు పొద్దున పాత ఇనుము సేటు వస్తడు, బండి అప్పజెప్త.”

“మీ నాయిన బండిని తూకానికి ఇస్తవా? నిన్ను తూస్తే ఎన్ని కిలోలొస్తవురా?”

“అయితే నువ్వే నెట్టుకుంట తీస్కపో!”

ములకలపల్లి అడవి రోడ్డు మీద, ఆగిపోయిన అంబాసిడర్ పక్కన, నడి ఎండల నేనూ నా కొడుకూ ఇట్ల కొట్లాడుకున్నం. మా ఆయన పోయి ఏడాది కాలేదు. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్నయి, ఆ అడవిల సిగ్నల్ లేదు.

దయ్యాలు, గాలిధూళి నేను నమ్మను. మూడో తరగతి కాడ బడి మానేసిన, అయినా ఏనాడూ తాయెత్తు కట్టించుకోలే. జరిగింది జరిగినట్టు రాస్తున్న.

కొడుకు తోలబట్టినంక ఆ డీజిల్ బండి ఇంటికాడ టక్కున స్టార్టయ్యేది. పది మైళ్లు పోయినంక గుంజుడు తగ్గి ఆగేది. గంట సేపు నిలబెడితే మళ్లా నడిచేది. మెకానిక్ ఫిల్టర్ మార్చిండు, పైపులు ఊదిండు, ఆఖరికి తప్పు పంపు మీదేసిండు.

మా ఆయన ఆ బండిని కిరాయికి తిప్పేటోడు. డీజిల్ పైపుల గాలి పట్టి ఎప్పుడన్న దారిల ఆగితే నన్ను ఇంజన్ కాడి చేతిపంపు కొట్టమని, తను స్క్రూ వదులు చేసి చూసేటోడు. నురగ పోయి డీజిల్ సాఫ్‌గ వచ్చేదాంక కొట్టాలె. నా చేతులు నొచ్చేవి, నోరు మాత్రం ఆగేది కాదు. “పంపు కంటే నీ నోటికే ప్రెషర్ ఎక్కువ” అని నవ్వేటోడు. ఆ డీజిల్ వాసన నాకు ఇప్పటికీ ఇష్టమే.

కొడుకు లారీ ఏమన్న దొరుకుతదేమోనని మలుపు దాంక పోయిండు. అటు దిక్కు నుంచే బీడీలు చుట్టే తునికాకు మోపు నెత్తిన పెట్టుకొని ఒకామె వచ్చింది. నీళ్లడిగితే ఇచ్చిన.

తాగి, “పెద్దమ్మా, ట్యాంకు మూత లోపల పాల కవరు పెట్టినవంట. తియ్యమంటుండు పెద్దాయన” అన్నది.

“ఏ పెద్దాయన?”

“గా ముందు సీట్ల లేడా, తడి తువ్వాల మెడకేసుకొని!” అనుకుంట పోయింది.

సీటు ఖాళీ. ఎండాకాలం మా ఆయన తడి తువ్వాల మెడకేసుకునే బండి నడిపేటోడు.

కవరు పెట్టింది నేనే. ఆయన పోయినంక వానకాలమంతా బండి ఊరికే నిలబడ్డది. నీళ్లు దిగి డీజిల్ ఖరాబైతదని, పాల కవరు గుండ్రంగ కత్తిరించి మూత లోపల వాషర్ కింద ఒత్తిన. ఎవరికీ చెప్పలే. మూతల గాలి లోపలికి పోయే సన్న బొక్క దానితోని మూసుకపోయింది. నూనె డబ్బాకు రెండో బొక్క పొడవకపోతే నూనె సరిగ రాదని తెలిసినదాన్నే, ఇక్కడ తోచలే.

మూత తిప్పంగనే ట్యాంకు బుస్సుమని గాలి గుంజుకున్నది. కవరు పీకి కొంగుల దాచిన. చేతిపంపు నేనే కొట్టిన. కొడుకు వచ్చి తాళం తిప్పితే బండి స్టార్టయ్యింది. ఇంటిదాంక ఎక్కడా ఆగలే.

తునికాకు ఆమెను మలుపు కాడ నా కొడుకు కూడా చూసిండు, కాబట్టి నా భ్రమ కాదు. ముందు సీటు మీద చెయ్యేస్తే తడి తగిలింది. అది వాని చెమట కావచ్చు. కానీ ఆయన పోయినంక నేను చాటుగ చేసిన పని ఆమెకు ఎవరు చెప్పిండ్రు? ఇన్నేండ్లయినా నాకు అంతుపట్టలే.

తెల్లారి ఇనుము సేటు ట్రాలీ తోలుకొని వచ్చిండు. బండి లేదు. నా కొడుకు పొద్దుగాల్నే దాన్ని మణుగూరు కిరాయికి తీస్కపోయిండు.