ఇంకా బాబాయి పదో చీటీ

మా బాబాయి ముందు కళ్లద్దాలు నుదుటి మీదికి నెడతాడు. తర్వాత "ఎలా ఉంది?" అంటాడు. అవతలివాళ్లు ఏం చెప్పినా "ఇంకా?" అంటాడు. ఆయనలో వింత ఇదొక్కటే. వీధి వీధంతా ఆయన్ని ఇంకా బాబాయి అనడానికి అదే చాలింది.

ఒకసారి డాక్టరు "బీపీ ఉంది, షుగరుంది" అన్నాడు. "ఇంకా?" అన్నాడు బాబాయి. డాక్టరుకే అనుమానమొచ్చి మరో మూడు పరీక్షలు రాశాడు. పెళ్లయిన కొత్తలో మా పిన్ని సిగ్గుపడుతూ "మీరంటే నాకిష్టం" అందట. "ఇంకా?" అన్నాడట. "ఉన్నదదొక్కటే. ఇప్పుడదీ లేదు" అందట పిన్ని.

బాబాయి తపాలా ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు సార్టరు. ఊరి పేరు చూడటం, ఉత్తరాన్ని ఆ అరలో వేయడం, అంతే పని. రిటైరైన రోజున ఆఫీసువాళ్లు పాత చెక్క అరలు పారేస్తుంటే అడిగి ఇంటికి తెచ్చుకున్నాడు. వీధి చివర సినిమా హాలుంది. ఆట వదిలే వేళకు గేటు ఎదుట నిలబడి, వచ్చేవాళ్ల అభిప్రాయాలు చీటీల మీద రాసుకుని, ఇంటికొచ్చి అరల్లో వేస్తాడు. "బాగుంది", "బాగాలేదు", "పాతదే నయం", "నిద్రపోయాను" అని వాటికి పేర్లు. తను మాత్రం జన్మలో ఒక్క సినిమా చూడలేదు.

"ఎందుకు చూడవు బాబాయ్?"

"సార్టరు ఉత్తరాలు విప్పి చదవడురా."

నేను పత్రికలో సినిమా సమీక్షలు రాస్తాను. వాటినీ కత్తిరించి ఒక అరలో వేస్తాడు. దాని పేరు "అడ్రసు చాలదు".

పందొమ్మిదేళ్ల కిందట ఆగిపోయిన గూఢచారి సినిమాల వరుసను మళ్లీ మొదలుపెట్టారు. హీరో అతనే, కోటు అదే, మోకాళ్లు మాత్రం అవి కావు. ఆ వారం బాబాయి రోజుకు నాలుగాటలకూ గేటు దగ్గరే ఉన్నాడు.

"ఎలా ఉంది?"

"రైలు మీద ఫైటు అదిరిందండీ."

"ఇంకా?"

"రైలు కింద ఫైటు కూడా."

"ఇంకా?"

"రైలు అయిపోయిందండీ!"

ఒకావిడ ఆగి చెప్పింది: "అరవై దగ్గరపడ్డా ఆయన మేడ మీంచి దూకుతున్నాడు. మా ఆయన నలభైకే మంచం దిగడు."

"ఇంకా?"

"మిగతాది ఇంటికెళ్లి ఆయనకే చెప్తాను."

కాలేజీ కుర్రవాడొకడు పెదవి విరిచాడు. "పాతవాటిలో విలనుకి ఓ ఆశయం ఉండేది. వీడికి ఆఫీసు మాత్రమే ఉంది."

పత్రికలూ రెండు ముక్కలయ్యాయి. ఒకరు నాలుగు చుక్కలిచ్చారు. ఇంకొకరు గూఢచారి వచ్చాడు గాని కథ రాలేదన్నారు. నేను రెండున్నర ఇచ్చి, "మధ్యలో ఒక ముసలాయన బెంచీ మీద ఊరికే కూర్చుని సినిమాకు అడ్డుపడ్డాడు" అని రాశాను. రాసినప్పుడు ఆ వాక్యం నాకు బాగా నచ్చింది.

నాకు అంతుపట్టనిది ఒకటుంది. ఇదివరకు బాబాయి మూడు "ఇంకా"లతో మనిషిని వదిలేసేవాడు. ఈ సినిమాకు బస్సు స్టాపు దాకా వెంటపడుతున్నాడు. ఒకడు భయపడి స్కూటరు ఎక్కితే, పక్కనే పరిగెత్తుతూ "ఇంకా?" అన్నాడట. ఆయన వినాలనుకుంటున్న మాట ఏదో ఉంది. ఎవరూ అనడం లేదు.

ఆరో రోజు సాయంత్రం ఇంటికెళ్లాను. బాబాయి వేడినీళ్ల బకెట్లో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు.

"ఆ హీరో కూడా ఇంత పరిగెత్తి ఉండడు" అంది పిన్ని, మరో చెంబు పోస్తూ.

నేను అరల దగ్గరికెళ్లాను. కింది వరసలో ఒకదానికి పేరు లేదు. అందులో తొమ్మిది చీటీలు. "బెంచీ మీద ఆయన మా మావగారిలా ఉన్నాడు." "ఆ పెద్దాయన ఏం మాట్లాడకపోయినా ఏదో చెప్పాడు." "బెంచీ తాత ఇంకాసేపు ఉండాల్సింది." తొమ్మిదీ ఆ ముసలాయన గురించే.

"ఎవరు బాబాయ్ ఈయన?"

"కింద వాటాలో గడియారాలాయన."

గడియారాలు బాగుచేసే ఆ మనిషి కుంటుతూ నడవడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. ఎందుకని ఎప్పుడూ అడగలేదు, తెర మీద చూసి పోల్చుకోనూ లేదు. పాత మూడు సినిమాల్లో మేడల మీంచి దూకింది హీరో కాదట, ఆయనట. మూడో దూకుడుకి తుంటి విరిగింది. ముఖం ఏనాడూ తెర మీద కనిపించలేదు. ఇన్నేళ్లకు ఎవరో గుర్తుపెట్టుకుని పిలిచి, బెంచీ మీద కూర్చోబెట్టారు. వచ్చే సినిమాకూ రమ్మన్నారు. రేపు మధ్యాహ్నం తపాలాలోపు జవాబు వేయాలి.

"నీ సమీక్ష చదివి, రానని రాసేస్తానన్నాడు" అన్నాడు బాబాయి. "నేను పందెం కట్టాను. అడక్కుండా, వాళ్లంతట వాళ్లే పదిమంది నిన్ను తలుచుకుంటే వెళ్లాలి అన్నాను. సరేనన్నాడు."

నా చెవులు వేడెక్కాయి. "నాకు చెప్తే మళ్లీ రాసేవాణ్ణిగా!"

"అది అభిప్రాయం కాదురా, క్షమాపణ. ఆ అర నా దగ్గర లేదు."

"పోనీ, ఒక చీటీ నువ్వే రాసెయ్. ఎవరు చూడొచ్చారు?"

ఇంకొకరి ఉత్తరం విప్పినవాణ్ణి చూసినట్టు చూశాడు. "ముప్పై నాలుగేళ్లలో ఒక్కటి తప్పు అరలో వేయలేదు" అని, కాళ్లు తుడుచుకుని వెళ్లి పడుకున్నాడు.

మర్నాడు పొద్దున నన్ను వెంటబెట్టుకెళ్లి మొదటి ఆటకు వరసలో నిలబడ్డాడు. టికెట్లిచ్చే అతను కిటికీలోంచి తల బయటపెట్టి, "ఎవరైనా తప్పిపోయారా బాబాయిగారూ?" అన్నాడు.

"ఒక టికెట్టివ్వు."

చీటీల పుస్తకం నా చేతిలో పెట్టి, "గేటు ఎదుట ఉండు. నన్ను ఎరగనట్టే అడుగు" అని లోపలికి పోయాడు.

పదకొండున్నరకు అందరికంటే వెనక వచ్చాడు, కళ్లు చికిలిస్తూ. నాకు కళ్లద్దాలు లేవు. అయినా చెయ్యి నుదుటి దాకా వెళ్లింది.

"ఎలా ఉంది?"

"చప్పుడెక్కువ."

"ఇంకా?"

"పాపం, ఆ మోకాళ్లు."

"ఇంకా?"

"అందరూ పరిగెత్తుతూనే ఉన్నారు. ఆ బెంచీ మీద ఆయన దగ్గరే నేనూ కాస్త కూర్చున్నట్టనిపించింది."

రాసుకున్నాను. చీటీ లాక్కుని, మిగతా తొమ్మిదీ జేబులోంచి తీసి, గడియారాలాయన వాటాకి దాదాపు పరిగెత్తాడు. వెనకే నేను.

ఆయన కంటికి భూతద్దం బిగించుకుని పది చీటీలూ వరసగా చదివాడు.

"ఈ పదోదాని దస్తూరీ మీ అన్నగారబ్బాయిది కదండీ?"

"దస్తూరీ వాడిది. మాట ఒక కొత్త ప్రేక్షకుడిది. అతనికిదే మొదటి సినిమా."

గడియారాలాయన ఆ చీటీ మళ్లీ చదివాడు. భూతద్దాన్ని నుదుటి మీదికి నెట్టి, బాబాయిని తేరిపార చూశాడు.

"ఇంకా?" అన్నాడు.

బాబాయి జేబులోంచి కలం తీసి, మూత విప్పి, జవాబు రాయమన్నట్టు ఆయన చేతికిచ్చాడు.