ముక్కూమొహం తెలియని మనిషి కోసం

దీవి మీది బతు బస్తీలో లవీనా ఎవరో తెలియని గడప లేదు. ఆమె గొంతు తెలిసిన గడపలు మాత్రం రెండో మూడో. పదిహేడేళ్ల ఆ అమ్మాయి మాటలు గుల్లలో కాపురముండే పీతల్లాంటివి. మనిషి అలికిడైతే చాలు, లోపలికి దూరిపోయేవి. అర్ధసంవత్సర పరీక్షల్లో ఫిజిక్స్ వైవాకి నిలబడి, జవాబులన్నీ తెలిసి కూడా సున్నా తెచ్చుకుంది. ఇక మిగిలింది బోర్డు వైవా. ఈసారి ప్రశ్నలడిగేది బయటి స్కూలు నుంచి వచ్చే ఎగ్జామినర్.

భయపడే పిల్లలు కంప్యూటర్ ముందు కూర్చుని సొంతంగా నేర్చుకునే ఎనిమిది పాఠాలను స్కూలు కౌన్సెలర్ ఇచ్చారు. భయం పదికి ఎంతో కొలవడం, ఊపిరి నెమ్మదిగా వదలడం, 'అందరూ నవ్వుతారు' అనే ఆలోచనను పట్టుకుని నిజమేనా అని నిలదీయడం అందులో ఉన్నాయి.

తల్లి మేరి గుమ్మంలో నిలబడి చూసేది.

"ఏటే, ఆ డబ్బా నీకు ధైర్యం చెప్తాదా?"

"చెప్పదు మమ్మీ. హోంవర్క్ ఇస్తాది."

"అయితే అదీ బడే!" అని నవ్వి, ఎందుకైనా మంచిదని మానిటర్ మీద చెయ్యి వేసి చిన్న ప్రార్థన చేసి పోయేది.

నాలుగో పాఠం దగ్గర చిక్కొచ్చింది. 'ఏమాత్రం తెలియని వ్యక్తిని ఒక ప్రశ్న అడగండి. అప్పుడే ఐదో పాఠం తెరుచుకుంటుంది.' రాసినవాళ్లు ఏ మహానగరంలోనో కూర్చుని రాసి ఉంటారు. తెలియనివాళ్లు అక్కడ వానలా కురుస్తారు కాబోలు.

పక్క వీధిలో కొత్తగా పెట్టిన కొట్టుకు వెళ్లింది. భయం తొమ్మిది.

"భయ్యా, టైమెంత?"

కొట్టతను గడియారం వైపు చూడనేలేదు. "అరే, ఫెర్రీ బోటులో పనిచేసే శామ్సన్ భయ్యా కూతురివి గదా! నాన్న బాగున్నాడా?"

మర్నాడు ఎయిర్‌పోర్టు పక్కన లంబాలైన్ పేటలో, ఆటోలో కూర్చున్న పెద్దాయనను బస్సు ఎప్పుడని అడిగింది.

"బస్సెందుకే? మీ అమ్మ పెళ్లికి చేపలు తెచ్చింది నేనే. పోలిరాజు మామని మర్చిపోయావేటి? ఎక్కు!" ఇంటిదాకా దింపి, టీ తాగి మరీ వెళ్లాడు.

"అడిగావు గదా, టిక్కు పెట్టేయ్," అంది మేరి.

"తెలియనివాళ్లని అడగాలి మమ్మీ."

"ఈ దీవిలోనా? సముద్రం దాటాల్సిందే, బేటీ."

"దాటొచ్చినవాళ్లు చాలరా?"

శనివారం, తండ్రి బోటు వెళ్లిపోయాక లవీనా, టూరిస్టులు బోట్లెక్కే ఫీనిక్స్ బే రేవుకు చేరింది. జెట్టీలో పేరు పెట్టి పిలిచిన ఇద్దరు పోర్టర్లను తప్పించుకుని టికెట్ల వరుసలో నిలబడింది. ముందు పసుపు టోపీ పెట్టుకున్న ఒకాయన ఉన్నాడు. నీళ్ల మీంచి వచ్చిన గాలి ఆ టోపీని ఎగరేయాలని చూస్తోంది. లవీనా ఊపిరి వదిలి, హిందీలో అడిగింది: "ఇది నీల్ దీవికెళ్లే బోటు లైనేనా?"

"తెలీదమ్మా, నిన్ననే వచ్చాను."

ఎవరి కూతురివని అడగలేదు! ఆ కాసేపు ఆమె ఎవరి కూతురూ కాదు. నీళ్ల మీద తిరిగే వట్టి గొంతు. అంతలో ఆయనే అడిగాడు, బోటు బాగా ఊగుతుందా అని.

"ఊగుతుంది. లోపల కూర్చోకండి, డెక్ మీద నిలబడి దూరంగా చూడండి. టోపీ మాత్రం చేత్తో పట్టుకోండి, లేకపోతే అదొక్కటే ముందు నీల్ చేరుతుంది."

ఆయన నవ్వాడు. వెనక ఉన్నావిడ కూడా వంగి వాంతుల గురించి అడిగింది. తర్వాత ఇంకెవరో, వాన గురించి.

ఇంటికొచ్చి టిక్కు పెట్టింది. 'అడిగాక భయం ఎంత?' అన్న గడి ఖాళీగా ఉండిపోయింది. కొలవడం మర్చిపోయింది మరి.

వైవా రోజు ఎగ్జామినర్ మేడమ్ మొదటి ప్రశ్న వేయగానే మాటలన్నీ గుల్లలోకి పరిగెత్తాయి. భయం తొమ్మిది. కాదు, పది. లవీనా బల్ల అంచు పట్టుకుంది.

"మేడమ్, ప్రశ్న ఇంకోసారి చెప్తారా?"

మేడమ్ నెమ్మదిగా మళ్లీ చెప్పారు. జవాబు వణుకుతూనే వచ్చింది, కానీ వచ్చింది. ఐదు ప్రశ్నల్లో నాలుగింటికి చెప్పింది. ఐదోది రాలేదు. "తెలియదు మేడమ్" అన్న మాట మాత్రం ల్యాబ్ చివరిదాకా వినిపించింది.