చూపు ఆనని అన్నయ్య

మా వీధి చివరింట్లో ఉండే క్రేన్ డ్రైవరుని అందరూ ‘పైవాడు’ అంటారు. రేవులో ఓడ మీది కంటైనర్లని లారీల మీదికి దించే పెద్ద క్రేను ఆయనది. ఆకాశంలో వేలాడే గాజుగదిలో కూర్చుని, కాళ్ళ సందునుంచి కిందికి చూస్తూ పనిచేస్తాడు. ఎవరైనా “అంతా పైవాడి దయ” అంటే, “నా దయేం లేదండీ, ఓడ రావాలి” అని నవ్వించేవాడు.

ఆయన భార్య చెల్లెలి మొగుడు వెల్డరు. రేవు గోడ అవతల ఖాళీ కంటైనర్లు పెట్టే యార్డులో సొట్టలు తీస్తాడు, చిల్లులకి అతుకులేస్తాడు. అత్తారింట్లో తోడల్లుళ్ళిద్దరూ కలిస్తే కబుర్లన్నీ పైవాడివే. వెల్డరు వింటూ, పిల్లల సైకిళ్ళకి గొలుసులు బిగిస్తూ కూర్చునేవాడు.

అంతలో పైదేశాల్లో కొనేవాళ్ళు తగ్గారు. సరుకు తగ్గింది. కొన్ని ఓడలు మన రేవు వైపు తొంగి కూడా చూడకుండా సాగిపోయాయి. పైవాడికి పిలిచిన రోజే పని అన్నారు. మరి నింపడానికి సరుకు లేని పెట్టెలు ఎక్కడికి పోతాయి? అన్నీ యార్డుకే చేరాయి, ఒకదాని నెత్తిన ఒకటి. ఖాళీగా ఉన్నప్పుడే బాగుచేయించుకుందామని కంపెనీలు తొందరపెట్టాయి. వెల్డరుకి ఊపిరి సలపని పని.

పిలిచిన రోజు కూడా సగంపూట పని లేక గాజుగదిలో కూర్చున్న పైవాడికి గోడ అవతల వెల్డింగు నీలిమెరుపు కనబడేది. అక్కడినుంచి చూస్తే ఎవరి కళ్ళకీ దెబ్బ తగలదు గానీ, ఆయనకి మాత్రం కళ్ళు కుట్టాయి.

“ఓడలు రాకూడదని మొక్కుకుంటున్నట్టున్నాడు నీ మరిది” అన్నాడు భార్యతో.

“ఆయన మొక్కితే ఆగడానికి ఓడలేమన్నా రిక్షాలా? పోయి పని అడగరాదూ?”

“నేనా? వాడి దగ్గరా?”

అంతకుముందు రోజే వెల్డరు వచ్చి, ఊగులాడుతున్న వాళ్ళ గేటుకి చెప్పకుండానే అతుకేసి వెళ్ళాడు. దాన్ని చూసి, “మన గేటూ ఖాళీ డబ్బాలా కనబడిందేం వాడికి!” అని పళ్ళు నూరాడు పైవాడు.

ఒకరోజు టీకొట్టు దగ్గర యార్డు సూపర్‌వైజరు కలిశాడు. ముఖపరిచయమే తప్ప వీళ్ళ చుట్టరికం ఆయనకి తెలియదు.

“పెట్టెలెత్తే బండి నడపడానికి మనిషి కావాలి. మా వెల్డరేమో వాళ్ళన్నయ్యని తీసుకోమని నా ప్రాణం తోడేస్తున్నాడు.”

వెల్డరుకి సొంత అన్న ఒకడున్నాడు, లారీ తోలతాడు. ఇంట్లో నాలాంటివాణ్ణి పెట్టుకుని వాడికా! పైవాడి గుండె భగ్గుమంది. “నాకివ్వండి” అనడానికి నోరు రాలేదు.

“ఆయనకా? చూపు ఆనదండీ పాపం” అనేశాడు.

సాయంత్రం వెల్డరు గాభరాగా వచ్చాడు. “అన్నయ్యా, ఎవడో గిట్టనివాడు నీకు చూపు ఆనదని మా సూపర్‌వైజరుకి ఎక్కించాడు. నీ ఉద్యోగం కోసమే ఇన్నాళ్ళూ తిరుగుతున్నా. ఖాయమయ్యాక చెబుదామనుకున్నా. రేపు కంటి డాక్టరు దగ్గరికి పోయి, కాగితం రాయించుకొచ్చి వాడి మొహాన కొడదాం పద.”

సూపర్‌వైజరు చెప్పిన అన్నయ్య తనేనని పైవాడికి అప్పుడు తెలిసింది. పెళ్ళయిన నాటినుంచీ వెల్డరు తనని అన్నయ్య అనే పిలుస్తున్నాడు. ఒక్కసారైనా ఆ పిలుపు చెవికెక్కలేదు.

మర్నాడు ఆస్పత్రిలో అట్ట మీది అక్షరాలన్నీ గడగడా చదివేశాడు. వెల్డరు పొంగిపోయాడు. ఇద్దరూ యార్డు ఆఫీసు గదిలోకి వెళ్ళారు. సూపర్‌వైజరు తలెత్తి, “మీరా?” అన్నాడు.

“నేనేనండీ ఆ అన్నయ్యని” అన్నాడు పైవాడు. పక్కనున్న తోడల్లుణ్ణి చూసి, “ఆ గిట్టనివాణ్ణి కూడా నేనేరా తమ్ముడూ” అన్నాడు.

వెల్డరు చేతితొడుగులు నలుపుతూ నేల చూపులు చూశాడు. ఆ మొహం వాడిపోవడం పైవాడు చూడలేకపోయాడు. వెల్డరు తొడుగులు జేబులో కుక్కి తలెత్తాడు. “సార్, మా అన్నయ్యకి దూరం బ్రహ్మాండంగా కనబడుతుంది. దగ్గరివే ఆనవు. బండి నడపడానికి అదేం అడ్డం కాదు” అన్నాడు.

పని ఇచ్చారు. ఇప్పుడు పైవాడు పెట్టెలు దించుతాడు, వెల్డరు అతుకులేస్తాడు. సరుకు పుంజుకుంటే ఈ పెట్టెలన్నీ ఓడలెక్కి పోతాయి. పైవాడికి క్రేను దొరుకుతుంది, వెల్డరుకి చేతినిండా పని ఉండదు. మొన్న దూరంగా ఓడ కూత వినబడితే పైవాడు బండి ఆపి దణ్ణం పెట్టాడట.

“ఓడలు రానీ తండ్రీ” అని, కిందనున్న తోడల్లుణ్ణి చూసి, “కాస్త మెల్లగా రానీ” అన్నాడట.