అంజురత్ ఒళ్లో గోధుమలు

మార్చి వచ్చిందంటే అంజురత్ చేతుల తడి ఆరదు. పళ్లెంలోని గోధుమల మీద తడిగుడ్డ తీస్తుంది, మొలకలను వేలితో తాకుతుంది, మళ్లీ కప్పుతుంది. నిరుడు చలికి మొలకలు చెడి, కొత్తేడాది నవ్రూజ్ పండక్కి ఆ మొలకల పాలతో వండిన సుమనక్ హల్వా చేదెక్కింది. ఊళ్లో ఎవరూ ఏమీ అనలేదు. అదే ఆమెను కోసింది. ఈసారీ చెడితే, ఏటా ఊరందరికీ సుమనక్ వండే కాగు ఆమె వాకిలి వదిలి పక్కింటి వాకిట్లోకి పోతుంది.

పండగ రెండు రోజులుందనగా వానకోయిల జంట వచ్చి కిటికీ అద్దాన్ని రెక్కలతో కొట్టింది. ఏటా ఈ గది దూలానికే వాటి గూడు. అంజురత్ లేచి కిటికీ తీసింది. మంచుగాలి దూసుకొచ్చి గుడ్డను లేపింది.

"మూసెయ్యత్తా, మొలకలు పోతాయి!" అని అరిచింది కోడలు సవ్రీ.

"నోర్ముయ్యే. వసంతాన్ని మోసుకొచ్చినోళ్ల మొహాన తలుపేస్తామా?"

అంజురత్ పళ్లెం ఒళ్లో పెట్టుకుని, దూదికోటు చుట్టూ లాక్కుని ముడుచుకు కూర్చుంది.

"కోడిలా పొదిగి ఎన్ని పిల్లల్ని లేపుతావత్తా?" సవ్రీ పకపకా నవ్వింది.

అంజురత్ నవ్వలేదు. ఆమె పళ్లు టకటకలాడుతున్నాయి. మధ్యాహ్నానికి పిట్ట తెచ్చిన మొదటి బురదముద్ద దూలం తప్పి ఆమె నుదుటి మీద పడి, ముక్కు మీదికి జారింది. తుడుచుకోవడానికి ఆమె చెయ్యి బయటికి తీయలేదు. కోటు లోపల, వేళ్ల కింద, మొలకలు ఇంకా వెచ్చగానే ఉన్నాయి.