శేషగిరి మావయ్య గీకేసిన ఈశాన్యం

తలకు రంగు కలుపుకునేటప్పుడు గిన్నెలోంచి ముక్కు అదిరేలా ఒక ఘాటు లేస్తుంది. అమ్మోనియా. ఎవరైనా ఆ వాసనకు మొహం పక్కకు తిప్పుకుంటారు. నేను మాత్రం గిన్నె మీదికి వంగి ఇంకోసారి పీలుస్తాను. మా శేషగిరి మావయ్య చొక్కాకు ఎప్పుడూ ఆ వాసనే. ఇళ్ల ప్లాన్లు అమ్మోనియా ప్రింట్లుగా తీసే రోజులవి. ఆ పనికి కంప్యూటర్లు ఇంకా బందరు దాకా రాలేదు. ఆయన మాకు చుట్టం కాదు. మా వీధిలోనే ఉంటూ, మునిసిపాలిటీ లైసెన్సుతో ప్లాన్లు గీసేవాడు. అమ్మను అక్కయ్యా అని పిలిచేవాడు కాబట్టి నాకు మావయ్య అయ్యాడు. పాలిటెక్నిక్‌లో సివిల్ చదివి ఖాళీగా కూర్చున్న నన్ను తన బల్ల దగ్గరికి పిలిచి, ట్రేసింగ్ కాగితం మీద ఇంకు పెన్ను పట్టడం నేర్పింది ఆయనే.

మాది గోడకు గోడ ఆనుకుని కట్టిన వరస ఇళ్లలో చివరిది. వీధి పడమర, పెరడు తూర్పు, ఉత్తరాన సందు. మరుగుదొడ్డి పెరటి చివర. అమ్మకు పక్షవాతం వచ్చి ఎడమ వైపు చచ్చుబడ్డాక ఆ పెరడు దాటడమే పెద్ద ప్రయాణం అయిపోయింది. ఒక వైపు నాన్న, ఒక వైపు నేను పట్టుకునేవాళ్లం. పక్కింటివాళ్లు పిట్టగోడ మీదుగా చూసి జాలిపడేవాళ్లు. ఆ జాలి అమ్మకు జబ్బు కంటే ఎక్కువ బాధ. అందుకని ఆవిడ గదిని ఆనుకుని, పెరట్లోకి ఒక బాత్‌రూమ్ పెంచి కట్టాలనుకున్నాం.

కొలతకు వచ్చిన రోజు మావయ్య వెంటనే టేపు తియ్యలేదు. అమ్మను కుర్చీలో కూర్చోబెట్టమని, ఆవిడ మంచం మీద తాను పడుకున్నాడు. నాన్న విస్తుపోయాడు.

"అక్కయ్యా, లేచేటప్పుడు ముందు ఏ కాలు ఆనిస్తారు?"

"కుడిదే తమ్ముడూ. ఎడమది ఈడ్చుకుంటూ వస్తాను."

"అయితే ఆసరా కడ్డీ కుడి వైపు రావాలి." నాకేసి తిరిగి, "ప్లాను పైనుంచి చూసి గీస్తామమ్మాయ్. మనుషులుండేది మాత్రం ఇదిగో, ఇక్కడ," అని పరుపు తట్టాడు.

ఆయన గీసిన ప్లాను రూల్సుకు సరిగ్గా సరిపోయింది. చిక్కంతా దిక్కుతో వచ్చింది. ఆ మూల ఈశాన్యం. పెరటి చివరి దొడ్డి ఇంటిని అంటుకోలేదు కాబట్టి ఇన్నేళ్లూ దానికి ఏ దోషమూ లేదు. ఇంటిని అంటుకుంటుందనేసరికి వాస్తు గుర్తొచ్చింది.

"ఈశాన్యంలో దొడ్డేంటయ్యా? కొంప మునిగిపోద్ది. వాయవ్యంలో, సందు వైపు పెట్టెయ్," అన్నాడు నాన్న.

"సందు వైపు ఖాళీ వదలకపోతే ఆఫీసులో ఒప్పుకోరు బావగారూ."

"పెట్టి చూడు. పోయేదేముంది?"

మావయ్య అమ్మ వైపు చూశాడు. అమ్మ ఒక్క మాట అంటే నాన్న తగ్గేవాడని నాకు ఇప్పటికీ నమ్మకం. "నా మూలాన ఇంటికి కీడు జరిగిందనిపించుకోలేను తమ్ముడూ. తీసెయ్యి," అంది.

ట్రేసింగ్ కాగితం మీద ఇంకు రబ్బరుతో పోదు. చిరక్కుండా బ్లేడుతో సన్నగా గీకాలి. మావయ్య బల్ల మీదికి వంగి ఆ గదిని గోడ తర్వాత గోడగా గీకేస్తుంటే నేను పక్కనే ఉన్నాను.

"ఇది తిరిగొస్తుందమ్మాయ్," అన్నాడు.

"తెలిసీ ఎందుకు గీకుతున్నారు మావయ్యా?"

"అక్కయ్య అడిగింది కదే."

తిరిగొచ్చింది. సందు వైపు ఖాళీ లేదని రాసి పంపారు. గోడ కాస్త జరిపి మళ్లీ పెట్టాం. మళ్లీ అదే మాట. ఆఫీసును తిట్టుకోవడానికీ లేదు, వాళ్లన్నది నిజమే. అనుమతి లేకుండా కట్టేద్దామంటే, మా వీధిలోనే అలా కట్టిన గోడ ఒకటి కూల్చేసి వెళ్లారు. ఈలోగా రోహిణి కార్తె వచ్చింది. ఆ ఉక్కలో కూడా అమ్మ మంచం పక్కన చెంబులో నీళ్లు పెట్టినవి పెట్టినట్టే ఉండేవి. "దాహంగా లేదే," అనేది. నీళ్లు తాగితే పెరట్లోకి వెళ్లాలి. అందుకని ఎవరికీ చెప్పకుండా నీళ్లే మానేసింది. మేం మందుల వల్ల అనుకున్నాం.

కనిపెట్టింది మావయ్యే. ఒకరోజు మజ్జిగ గ్లాసు అందించి, తాగేదాకా నిలబడ్డాడు. అమ్మ పెదవులు తడుపుకుని పక్కన పెట్టేసింది. ఆయన గ్లాసు వంక చూసి, పెరటి గుమ్మం వంక చూసి, నాన్నను చెయ్యి పట్టుకుని వీధిలోకి లాక్కెళ్లాడు. ఏమన్నాడో తెలియదు. నాన్న తిరిగొచ్చి, "ఈశాన్యమే కానివ్వండి," అన్నాడు. మొదటి ప్లానే మళ్లీ గీసి పంపాం. అప్పటికే అమ్మ కాళ్లు వాచిపోయాయి. కిడ్నీలు పాడయ్యాయని డాక్టరు చెప్పాడు. గుడివాడ తీసుకెళ్లాం, విజయవాడ తీసుకెళ్లాం. అమ్మ దక్కలేదు.

పెద్దకర్మ అయిన తర్వాత అనుమతి వచ్చింది. ఆ కాగితం పట్టుకొచ్చిన మావయ్య లోపలికి రాలేదు, గుమ్మంలోనే నిలబడ్డాడు.

"బావగారికి దిక్కుల సంగతే తెలుసు. అక్కయ్యకి భయమే తెలుసు. ఆ మంచం మీద పడుకుని చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. గీకింది నా చెయ్యే అమ్మాయ్," అన్నాడు.

నేను కాదనలేదు. కాదనాలని అనిపించలేదు కూడా. ఆయన మీద కోపం వచ్చింది. ఆ కోపం ఇప్పటికీ కొంత ఉంది. అయినా, తప్పు నాదని అలా గుమ్మంలో నిలబడి చెప్పిన మనిషిని ఆయన తర్వాత ఇంకొకరిని నేను చూడలేదు. నాన్న ఆ గది కట్టలేదు. మావయ్య బతికినన్నాళ్లూ ప్లాన్లు గీస్తూనే ఉన్నాడు గానీ, ఇంకెవరింట్లోనూ మంచం మీద పడుకోలేదు. నిలబడే కొలిచేవాడు.

ఇప్పుడు గుడివాడలో నా సంతకంతో ప్లాన్లు వెళ్తాయి. వాస్తు చూడనని నేనెవరికీ చెప్పను. అలా చెబితే ఈ ఊళ్లో నాకు పనుండదు. కానీ ఇంట్లో మంచాన పడ్డ మనిషి ఉంటే ముందు వాళ్ల దగ్గర కూర్చుని, "నీళ్లు బాగా తాగుతున్నారా?" అని అడుగుతాను. డాక్టరమ్మలా ఈ ప్రశ్నలేంటని నవ్వుతారు. మొన్న అవనిగడ్డ అవతల ఒక ఇంట్లో, కొడుకు ఈశాన్యం గొప్పతనం చెబుతుండగా ఆ తల్లిని అదే అడిగాను.

"నాకు దాహం వెయ్యదమ్మా," అంది, పెరటి తలుపు వైపు చూస్తూ.

"బాత్‌రూమ్ ఈవిడ గది పక్కనే గీస్తాను. అది ఈశాన్యమైనా సరే. ఇష్టం లేకపోతే ఇంకొకరిని చూసుకోండి," అన్నాను కొడుకుతో.

వాళ్లు ఇంకొకరిని చూసుకున్నారు. ఆవిడ నీళ్లు తాగుతోందో లేదో చెప్పేవాళ్లు నాకెవరూ లేరు.